ఎక్కువ గుంజిన కరెంటు పైసలకు మిత్తి అడుగుడు మన హక్కు

కరెంటు బిల్లు గడువు దాటితే సర్‌చార్జి పడుతది. మరి డిస్కమే మన దగ్గర ఎక్కువ వసూలు చేస్తే? ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, అసలు వాపస్ వస్తే చాలని మస్తు మంది ఊకుంటరు. మిత్తి ముచ్చటే తియ్యరు. కానీ ఆ మిత్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చట్టంల ఉన్న హక్కు.

విద్యుత్ చట్టం-2003ల 62(6) సెక్షన్ ఈ సంగతే చెప్తది. రెగ్యులేటరీ కమిషన్ ఖరారు చేసిన టారిఫ్ కంటే ఎక్కువ తీసుకుంటే, ఆ ఎక్కువ మొత్తాన్ని బ్యాంకు రేటుకు సమానమైన మిత్తితోని కట్టినోళ్లు తిరిగి రాబట్టుకోవచ్చు. బ్యాంకు రేటంటే ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వచ్చే వడ్డీ కాదు, రిజర్వ్ బ్యాంకు ప్రకటించే రేటు. మనం కట్టిన సెక్యూరిటీ డిపాజిట్‌కు కూడా 47(4) సెక్షన్ కింద కనీసం బ్యాంకు రేటు మిత్తి రావాలె. బిల్లుల అది జమ అయిందో లేదో చూసుకోవాలె.

ఇగ రెండో పక్క చూడుర్రి. కరెంటు అనధికారికంగా వాడిండ్రని 126 సెక్షన్ కింద లెక్కగట్టిన సొమ్ము కట్టకపోతే, ఆర్డర్ వచ్చిన 30 రోజుల తర్వాత ఏడాదికి 16 శాతం మిత్తి పడుతది. అదీ ఆర్నెల్లకోసారి చక్రవడ్డీ. రెండు కేసులు ఒక్క తీరువి కావు, నిజమే. అయినా మనకొచ్చే మిత్తికి, మనం కట్టే మిత్తికి ఇంత తేడా ఎందుకని అడగాల్సిందే.

కోర్టు స్టే ఇచ్చిందంటే మిత్తి ఆగినట్టేనని కూడా అనుకోవద్దు. 1990ల ఉత్తరప్రదేశ్‌ల పెరిగిన కరెంటు రేట్ల మీద కనోరియా కెమికల్స్ కంపెనీ కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నది. చివరికి కేసు ఓడిపోయింది. స్టే ఉన్న కాలానికి సర్‌చార్జి అడగొద్దని వాదిస్తే 1997ల సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్టే వసూలును ఆపుతది గానీ, బాకీని మాఫీ చేయదు.

అందుకే బిల్లు మీద లొల్లి ఉంటే కట్టుడు బంద్ పెట్టొద్దు. అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం రాసిచ్చి కట్టాలె. అట్ల కడితే వివాదం తేలేదాక కరెంటు కట్ చేయరాదని 56(1) సెక్షన్ చెప్తది.

ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పోవాలె. అక్కడ న్యాయం దొరకకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నడు. దరఖాస్తుల ఏ నెల ఎంత ఎక్కువ కట్టిండ్రో, ఏ తారీఖు నుంచి మిత్తి కావాల్నో, ఏ సెక్షన్ కింద అడుగుతున్నరో ఖచ్చితంగా రాయాలె. రసీదులు జోడించాలె. అడగంది అమ్మయినా పెట్టదంటరు.

నిజానికి అడిగే అవసరమే రావొద్దు. మన లేటుకు సర్‌చార్జి లెక్కగట్టే కంప్యూటరే, తప్పు బిల్లు సరిచేసిన నాడు మన మిత్తిని కూడా లెక్కగట్టి జమ చేయాలె. డిస్కంలకు కమిషన్ ఆ హుకుం ఇయ్యాలె.