ఆర్కిడ్లకు కుండీ మార్చడం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

వేళ్లు పాడైన ఆర్కిడ్‌ను పాత కుండీలోంచి తీసి, కుళ్లిన భాగాన్ని కోసేసి, గాలి ఆడే మరో కుండీలో నిలబెట్టే పనిని కుండీ మార్పిడి అంటారు. సూర్యాపేట జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ ప్రధానంగా వరి ప్రాంతాలు. ఇక్కడ ఆర్కిడ్ పంట కాదు, వరండాల్లో, డాబాల మీద పెంచుకునే పూలమొక్క. నర్సరీల్లో సాధారణంగా దొరికేవి డెండ్రోబియం, ఫెలనాప్సిస్, వాండా సంకర రకాలు.

ఆర్కిడ్ కుటుంబం తెలుగు నేలకు కొత్తది కాదు. చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెస్సెలేటాను, సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 1795లోనే వర్ణించాడు. అప్పట్లో దాన్ని ఎపిడెండ్రం ప్రజాతిలో చేర్చాడు. ఆ మొక్క వేళ్లు మన్ను ఎరగవు. వాన పడితే తడుస్తాయి, గాలి వీస్తే ఆరిపోతాయి. కుండీలో పెంచేటప్పుడు కూడా వేరుకు దక్కాల్సింది ఇదే. మొక్క అనగానే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపే అలవాటు ఆర్కిడ్‌ను చంపినంతగా ఇక్కడి ఎండలు కూడా చంపవు.

వేళ్ల పరీక్ష

ఆర్కిడ్ వేరు పైపొరను వెలామెన్ అంటారు. అది నిర్జీవ కణాల పొర, స్పాంజిలా నీటిని పీల్చుకుంటుంది. ఎండినప్పుడు వెండిరంగులో, తడిసినప్పుడు పచ్చగా కనబడే వేరు ఆరోగ్యమైనది, నొక్కితే గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. దాన్ని చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైపొర ఊడి, లోపలి దారం ఒక్కటే మిగులుతుంది. ఆకులు ముడతలు పడగానే దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. నిజానికి నీళ్లు తాగే వేళ్లే లేక ఆకులు వాడతాయి. అందుకే నీళ్లచెంబు పట్టుకునే ముందు కుండీని ఓసారి విప్పి చూడాలి.

కొన్న మొక్క నడుమ తడి స్ఫాగ్నం నాచు ముద్దగా ఉండిపోవడం, కొబ్బరి పీచు చివికి గాలి సందులు పూడుకుపోవడం, అడుగున ఒక్క రంధ్రమే ఉన్న పింగాణీ కుండీ వాడడం కుళ్లుకు సాధారణ కారణాలు. గాలి అందక నీరసించిన వేరును పిథియం, ఫైటాఫ్తొరా, ఫ్యుజేరియం వంటి తెగుళ్లు పట్టుకుంటాయి.

కుండీ, నింపే సరుకు

కుండీ కొలతను ఆకుల విస్తీర్ణాన్ని బట్టి కాక, మిగిలిన మంచి వేళ్లను బట్టి నిర్ణయించాలి. వేళ్ల చుట్టూ ఒక అంగుళం ఖాళీ చాలు. పెద్ద కుండీలో తడి నిలిచి కుళ్లు తిరగబెడుతుంది. పక్కలకు రంధ్రాలున్న మట్టి కుండీ డెండ్రోబియంకు బాగా నప్పుతుంది. గోడలోంచి నీరు ఆవిరై వేరు చల్లబడుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అదే కుండీ పూటలో ఎండిపోతుంది. తేమ ఎక్కువ కోరే ఫెలనాప్సిస్‌కు పక్కలకు రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ కుండీ మేలు, వేరు రంగు బయటికే కనబడుతుంది. వాండాకు చెక్క పలకల బుట్ట చాలు, ఏమీ నింపకపోయినా ఫర్వాలేదు.

నింపడానికి బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, పగిలిన పెంకులు, కొబ్బరి డొక్క ముక్కలు వాడతారు. డొక్కలోని ఉప్పు పోయేలా కొన్ని రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక చవగ్గా దొరుకుతుంది కదా అని వాడితే ముద్దకట్టి గాలిని అడ్డుకుంటుంది. ఊక బూడిద క్షారగుణంతో మరింత చేటు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు విరివిగా ఉన్న సున్నపురాయి ముక్కలు కూడా పనికిరావు.

మార్చే తీరు

కొత్త పిలక మొదట్లో వేళ్ల మొనలు కనబడే సమయం అనువైనది. ఈ ప్రాంతంలో తొలకరి తర్వాత గాలిలో తేమ పెరిగాక మార్చితే మొక్క త్వరగా కోలుకుంటుంది. కుళ్లు తీవ్రంగా ఉంటే మాత్రం కాలం కోసం ఆగకూడదు.

మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్లిన వేళ్లను గట్టి భాగం దాకా కోయాలి. దాల్చినచెక్క పొడి కోతల మీదే అద్దాలి, బతికున్న వేళ్ల మీద పడితే వాటినీ ఎండబెడుతుంది. ఎరువుల దుకాణాల్లో దొరికే కార్బెండజిం ఫ్యుజేరియం మీద పనిచేస్తుంది కానీ పిథియం, ఫైటాఫ్తొరాలు దానికి లొంగవు. వాటికి మెటలాక్సిల్ కలిసిన మందు కావాలి. డెండ్రోబియంను విడదీస్తే ముక్కకు కనీసం మూడు కాడలుండాలి. మొక్క ఊగితే కొత్త వేళ్ల మొనలు విరుగుతాయి కాబట్టి పుల్లకు కట్టి నిలపాలి. నీడవల కింద ఉంచి, నెల రోజుల వరకు ఎరువు వేయకూడదు.

కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటే అది బోరు నీటి లవణాల గుర్తు. ఆ లవణాలకు వేరు మొనలు నల్లబడి మాడతాయి. పట్టి ఉంచిన వాననీరు అన్నిటికన్నా మంచిది. అది లేనప్పుడు ఆర్వో నీరు పోయవచ్చు.

వేళ్లన్నీ పోయిన మొక్కను కుండీలో నాటినా ప్రయోజనం ఉండదు. కొద్దిగా తడిపి పిండిన నాచు మీద మొదలు ఆనించి, పారదర్శక సంచిలో ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. అప్పుడప్పుడు సంచి విప్పి గాలి తగలనివ్వాలి. కొత్త వేళ్లు రెండంగుళాలు సాగాక చిన్న కుండీలోకి మార్చవచ్చు. దీనికి నెలలు పట్టవచ్చు, మొదలు మెత్తబడితే ఆ మొక్క ఇక దక్కదు.