ఫిలిప్పీనులలో నోర్వలేనితనము

ఒక పీత బుట్టనుండి పైకెక్కఁబోఁగాఁ దక్కినవి దానిని గ్రిందికి లాగునను సామ్యము ఫిలిప్పీనువారిలోఁ బ్రసిద్ధము. వారి చరిత్రమునుండి యొక దృష్టాంతమును సంఘసోదరులకు మనవి చేయుచున్నాము.

స్పెయినువారి పాలనను గూలఁద్రోయుటకై 1892లోఁ గతిపునాన్ సంఘమును స్థాపించినవారిలో ముఖ్యుఁడు ఆంద్రేస్ బోనిఫాసియో. ఇతఁడు పేదయింటఁ బుట్టి, గిడ్డంగిలోఁ గొలువు చేసినవాఁడు. 1897 మార్చి 22వ తేదీని తెహెరోస్ గ్రామమున జరిగిన సభలో అగినాల్డో యధ్యక్షుఁడుగా నెన్నుకొనఁబడెను. బోనిఫాసియోకు దేశాంతర్వ్యవహార శాఖ మాత్రము లభించెను. అంతలో డేనియల్ టిరోనా యనునతఁడు లేచి, న్యాయవాది కానివాని కా పదవి తగదనెను. అధ్యక్షుఁడును న్యాయవాది కాఁడు! ఇది యర్హతావిచారము గాదు, ఓర్వలేనితనమే యని మా తలంపు.

అవమానితుఁడైన బోనిఫాసియో యెన్నికలు చెల్లవని వేఱుపడెను. పంత మతనియందును గలదు. పిదప రాజద్రోహ నేరము మోపి, మే 10వ తేదీని నతనిని, దమ్ముఁడు ప్రొకోపియోను జంపిరి. చంపినవారు స్పెయిను సైనికులు కారు; విప్లవసేనలోనివారే.