కొబ్బరికాయ కుస్తీ నుండి తొమ్మిది పరీక్షల దాకా

జాతర ముగింపుకు వచ్చేసరికి ఊరి వెలుపల మన్ను గుల్లచేసి గోదా సిద్ధం చేస్తారు. చుట్టూ జనం గుమిగూడతారు. కర్ణాటక, మహారాష్ట్రల పొలిమేరలకు చేరువగా, సంగారెడ్డి జిల్లా అంచున ఉన్న కంగ్టికీ, నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలకూ ఈ దృశ్యం చిరపరిచితమైనది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలగలిసిన సీమ అది. మొదటి జోడు చిన్నపిల్లలది. గెలిచినవానికి బహుమానం ఒక కొబ్బరికాయ. అందుచేతనే దానిని కొబ్బరికాయ కుస్తీ అంటారు. ఆ వెనుక నగదు పందేలు. చిట్టచివరి జోడుకు తులాల లెక్కన వెండి కడెం.

చూడవచ్చినవారికి కొబ్బరికాయ కుస్తీ ఒక వినోదం. తాలీంఖానా నడిపే ఉస్తాదుకు మాత్రం అది పరీక్ష. జోడు కుదిర్చే పెద్దల చేతిలో త్రాసు లేదు, టేపు లేదు. కుర్రవాని భుజమూ, మెడా, పిక్కా చూచి, వీనికి సరిజోడు వాడని నిర్ణయిస్తారు. పట్టు మొదలైన తరువాత చూడవలసినది వేరు. క్రింద పడినవాడు ఎట్లా లేచినాడు? వెల్లకిల పడబోతూ మెడను ఎట్లా కాపాడుకొన్నాడు? ఊపిరి ఎంతసేపటికి కుదుటపడినది? ఓడినవాడు మరుసటి యేడు మళ్లీ దిగవచ్చును. ఉస్తాదు మళ్లీ చూడవచ్చును. దీనికి రిజిస్టరు లేదు, మార్కుల పట్టిక లేదు. ఉన్నదల్లా ఒక మనిషి జ్ఞాపకం.

ఇప్పుడు అదే కంగ్టి పిల్లవానికి మరొక పరీక్ష కూడ ఉన్నది. సికింద్రాబాదు చేరువన హకీంపేటలో 1993లో క్రీడా పాఠశాల ఏర్పడినది. అక్కడ నాలుగవ తరగతిలో చేర్చుకొనేందుకు ఎంపిక మొదట మండలంలో, పిదప జిల్లాలో, ఆ పైన రాష్ట్రస్థాయిలో జరుగుతుంది. వయస్సు ఎనిమిది, తొమ్మిదేండ్లు. పరీక్షలు తొమ్మిది: ఎత్తు, బరువు, దూకుడుతో అందుకొన్న 30 మీటర్ల పరుగు, నిలుచున్నచోటి నుండి ముందుకు దూకుట, పైకి ఎగురుట, పది మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటునిటు పరుగెత్తుట, బరువైన మెడిసిన్ బంతిని విసరుట, ఒళ్లు వంగుట, 800 మీటర్ల పరుగు. గోదాలో వలె బాలురకు మాత్రమే గాక, బాలికలకు కూడ సమానంగా చోటు ఉన్నది. ఇది చిన్న మార్పు కాదు. ఎంపికైన బిడ్డకు చదువు, భోజనం, వసతి, శిక్షణ అక్కడనే. కాగా ఎనిమిదేండ్ల బిడ్డ బ్రతుకుబాట కొద్ది గంటల కొలతలపై ఆధారపడుతున్నది. ఉస్తాదు జ్ఞాపకం నుండి ఈ తొమ్మిది అంకెల దాకా మనం ఎట్లా వచ్చినాము?

అంకెల కథ చాలవరకు అమెరికాలో మొదలైనది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో వ్యాయామ శిక్షణకు పెద్దగా ఉండిన డడ్లీ సార్జెంటు అనే వైద్యుడు, మనిషి నిలుచున్నచోటి నుండి ఎంత ఎత్తు ఎగురగలడో చూచి అతని శక్తిని అంచనా వేయవచ్చునని 1921లో ఒక వ్యాసం ప్రకటించినాడు. నేడు మన మండలంలో పిల్లలు ఎగిరే ఎగురు ఆ వంశానికి చెందినదే. కాళ్లు చాచి కూర్చుండి ముందుకు వంగే పరీక్షను కేథరిన్ వెల్స్, ఎవెలిన్ డిల్లన్ అనే ఇద్దరు స్త్రీలు 1952లో ప్రకటించినారు. ఆ 1921లోనే బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్‌ను న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు తీసికొనిపోయి, అతని కన్ను, చెవి, చేయి ఎంత చురుకైనవో పరికరాలతో కొలిచినారు. ఫలితాలు సగటు మనిషిని మించినవని ప్రకటించినారు. అప్పటికే దేశమంతా అతనికి జేజేలు పలుకుతున్నది గదా! పేరుమోసినవానిని కొలిచి గొప్పవాడని తేల్చుట సులభం. పేరు లేని కుర్రవానిని కొలుచుటే కష్టం.

ఆ కష్టాన్ని ఒక పద్ధతిగా మార్చినవాడు బ్రాంచ్ రిక్కీ. బేస్‌బాల్ మన క్రికెట్టు వలె బంతిని కర్రతో కొట్టే ఆట. సెయింట్ లూయిస్ జట్టును నడిపేనాడు, సిద్ధమైన ఆటగాండ్రను కొనే ధనం చాలక, కుర్రవాండ్రను శిబిరాలకు రప్పించి, వారి పరుగునూ విసురునూ స్వయంగా పరిశీలించి, చిన్న జట్లలో పెంచే ఏర్పాటు చేసినాడు. ఈ ఆటలో ప్రతిభాన్వేషకులు కొట్టుట, బలంగా కొట్టుట, పరుగు, విసురు, బంతిని పట్టుట అనే అయిదింటికి 20 నుండి 80 వరకు అంకెలు వేస్తారు. అరువది గజాల పరుగుకు గడియారం పట్టి చూస్తారు. ఇంత శాస్త్రం పెరిగిన తరువాత కూడ, 1988 ఎంపికలో 1,389 మంది తరువాత 1,390వ వానిగా పిలుపు అందుకొన్న మైక్ పియాజా 2016లో ఆ క్రీడ మహనీయుల మందిరంలో చేరినాడు. అన్ని కొలతలూ అతనిని దాటిపోయినవి.

మన హైదరాబాదులో ఇదే పనిని మరొక తీరున చేసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించినారు. వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టుకు ఆయన శిక్షకులుగా ఉన్న కాలంలో, 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. భారత జట్టు ఆయన శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో నాలుగవ స్థానం పొందినది. 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం తెచ్చినది. క్యాన్సరు బాధతోనే ఆ చివరి విజయం సాధించి, 1963 జూన్‌లో కన్నుమూసినారు.

విజయాల పట్టిక చాలామందికి తెలిసినదే. నా మాట ఆయన చూపును గురించి. ఆటగాని బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెననే నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. ఒక్కసారి తాకి వెంటనే మరొకనికి అందించవలెను, బంతిని తన కాళ్ల దగ్గర ఉంచుకొనరాదని మరొక విధమైన పోటీ. పైకి ఇవి శిక్షణ పద్ధతులు. కాని వీటిలో మంచి పరీక్ష దాగి ఉన్నది. కుడికాలి నేర్పు కుర్రవానికి ఇదివరకే అబ్బినది. అది కొలిస్తే నిన్నటి సంగతి తెలుస్తుంది. ఎడమకాలు పట్టుబడుటకు వానికి ఎన్ని వారాలు పట్టినదో చూస్తే, రేపటి సంగతి కొంత తెలుస్తుంది. టేపు పట్టి కొలవరానిది, నేర్చుకొనే వేగం. దానిని చూడవలెనంటే పిల్లవానిని పలుమార్లు చూడక తప్పదు.

తులసీదాస్ బలరాం కథ ఇక్కడ చెప్పదగినది. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో, తమిళం మాటాడే పేద కుటుంబంలో 1936లో పుట్టినవాడు. రహీం గారు అతని ఆట చూచి హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మన్నారు. రాకపోకలకు డబ్బు లేదని కుర్రవాడు వెనుకాడగా, ఆ ఖర్చు రహీం గారే పెట్టుకొన్నారని బలరాం తరువాతి కాలంలో చెప్పేవారు. ఇరవయ్యేండ్ల ప్రాయంలో అతడు మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో ఉన్నాడు. 1962 జకార్తా విజయంలోనూ పాలు పంచుకొన్నాడు. 2023 ఫిబ్రవరిలో మరణించినాడు. ఆనాడు ఆ దారిఖర్చు పుట్టకపోతే, ఏ కొలతబద్ద అతనిని కొలిచి ఉండేది? ఎంపికను గురించి మాటాడేవారు మైదానంలోని పరీక్షలనే లెక్కిస్తారు. మైదానం దాకా రాగలుగుట మొదటి పరీక్ష. అందులో తప్పిన వారి పేర్లు ఎక్కడా నమోదు కావు.

కన్ను కూడ పొరబడుతుంది; ఆ మాట దాచరాదు. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ మొదట గోలు కొట్టే ముందువరుస ఆటగాడు. సైన్యంలో, మద్రాసు రెజిమెంటులో చేరిన తరువాతనే గోలుకాపరి అయినాడు. ఆసియాలో మేటి గోలుకాపరిగా పేరు పొందినాడు. మొదటి చోటనే అతనిని నిలిపి ఉంచి ఉంటే ఆ పేరు మనం విని ఉండము. రహీం గారి గొప్ప ఏమంటే, తన మొదటి అంచనాను తానే తిరిగి పరిశీలించుకొనుటకు జంకలేదు. జకార్తాలో రక్షణపంక్తి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, అతనిని ముందువరుసకు మార్చి ఆడించినారు. సెమీఫైనలులోను, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనలులోను అతడు గోలు కొట్టినాడు.

ప్రభుత్వం వైపు నుండి ప్రయత్నాలు ఆ కాలంలోనే మొదలైనవి. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేర శిక్షణ పథకం, 1959-60లో జాతీయ శారీరక సామర్థ్య ఉద్యమం, 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ, 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ వచ్చినవి. పరుగుకింత, దూకుడుకింత అని ప్రమాణాలు పెట్టి, దేశమంతటా సామాన్య ప్రజలను కొలువబూనుట సామర్థ్య ఉద్యమంతో అలవాటైనది. అయితే ఆ ఉద్యమం జనులందరి ఆరోగ్యం కోరినది; పదిమందిలో ఒకనిని ఏరుట దాని పని కాదు. ఏరుటకు అవే కొలతలను వాడేసరికి చిక్కులు వచ్చినవి.

ఒక చిక్కును లెక్క వేసి చూతము. క్రీడా పాఠశాల ఎంపికకు పుట్టిన తేదీల అవధి ఒక సంవత్సరం. అవధిలో మొదటి రోజున పుట్టిన పిల్లకూ చివరి రోజున పుట్టిన పిల్లకూ నడుమ పన్నెండు నెలల తేడా. ఎనిమిదేండ్ల ప్రాయంలో పిల్లలు యేటా సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అనగా ఎత్తు, బరువు, ఎగురు, విసురు, అన్నింటా పెద్దపిల్లకు ముందుగానే మార్కులు పడినట్లే. కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే పరిశోధకుడు 1985లో హాకీ ఆటగాండ్ర పుట్టినరోజులు పరిశీలించి, అవధి మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా పైకి వస్తున్నారని చూపినాడు. మన పల్లెలకు మరొక తిరకాసు ఉన్నది. బడిలో చేర్చిననాడు పంతులు వేసిన జూన్ నెల తేదీయే పుట్టినరోజుగా నిలిచిపోయిన పెద్దలు మన ఇండ్లలో ఎందరో! వయస్సు తగ్గించి చూపే బెడదకు విరుగుడుగా, క్రికెట్టు మండలి 2012 నుండి కుర్రవాండ్ర మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి చూస్తున్నది. మండల మైదానంలో అంత సాధనం ఎక్కడిది?

గడియారం మాట కూడ ఉన్నది. చేతితో పట్టిన గడియారానికీ విద్యుత్ గడియారానికీ తేడాగా పొట్టి పరుగుల్లో 0.24 సెకన్లు కలుపుట పరుగుపందేల వారి వాడుక. అది బొటనవ్రేలి ఆలస్యం. బొటనవ్రేలు మారితే ఆలస్యమూ మారుతుంది. 30 మీటర్ల పరుగులో ఇద్దరు పిల్లల మధ్య తేడా అంతకంటె తక్కువ ఉన్నప్పుడు, ఎవరు ముందున్నారో ధైర్యంగా చెప్పగలమా?

ఇట్లని కొలతలు వద్దని నేననను. కండ్లమీదనే ఆధారపడిన కాలంలో సిఫారసు, బంధుత్వం, కులం ఎంత పనిచేసినవో మనకు తెలుసు. తండాలోని బాలికకు గడియారం పక్షపాతం చూపదు. కొలతను ఒక్కనాటితో ముగించుటయే లోపం. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బాలిక మాలావత్ పూర్ణ ఎంపిక చూడుడు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులను మొదట భువనగిరి కొండపై ఎక్కించి చూచినారు, పిదప డార్జిలింగులో, ఆ తరువాత లడాఖ్ చలిలో. ప్రతి మెట్టునా ఏరుతూ పోగా మిగిలినవారు ఇద్దరు, పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం చేరినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. భువనగిరి బండను మొదట చూచినప్పుడు కాళ్లు వణికినవని ఆమెయే చెప్పినది. ఆ ఒక్కనాడే మార్కులు వేసి పంపివేసి ఉంటే ఏమి జరిగి ఉండేదో ఊహించవచ్చును.

కంగ్టి పిల్లకు వయోపరిమితి దాటితే నాలుగవ తరగతి తలుపు మూసికొంటుంది. మండలంలో అరసెకనుతో వెనుకబడి ఇంటికి మరలిన ఆ పిల్ల అంకెలు, ఎంపిక పత్రాలతోపాటే ఎక్కడనో కట్టలో పడి ఉంటాయి. ఆ తొమ్మిది అంకెలనూ బడి వ్యాయామోపాధ్యాయుడు ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకొని, సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవులకు ముందొకసారి అదే మైదానంలో మళ్లీ కొలిచి ప్రక్కన వేయవచ్చును. మూడు వరుసలు నిండేసరికి ఎవరు ఎదుగుతున్నారో కనబడుతుంది. కాగితం ఖర్చు ఒక కొబ్బరికాయ వెలకు మించదు.