ఆటలోని ఆకాశము

నిజామాబాదు జిల్లాలోని చందూర్‌లో చలికాలపు రాత్రి ఆరుబయట నిలిచి చూచినచో ఆర్ద్రా నక్షత్రము ఎఱ్ఱగా కానవచ్చును. 1962లో ఆ నక్షత్రమే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఒక గణకయంత్రపు తెరపైని గూడ వెలిగినది. యంత్రము పేరు పి.డి.పి.-1, దానిపై ఆడిన ఆట ‘స్పేస్‌వార్’. రెండు రోదసీనౌకలు ఒకదానినొకటి కూల్చుకొనుటయే ఆట.

దీనిని వ్రాయుటకు పూనుకొనిన స్టీవ్ రస్సెల్ చాలకాలము జాగుచేసెను. సైను, కొసైనులను గణించు క్రమము తనవద్ద లేదని ఆయన సాకు. మిత్రుడు అలన్ కోటక్ యంత్రమును తయారుచేసిన కంపెనీకి పోయి, ఆ క్రమమును తెచ్చి చేతిలో పెట్టెను. ఇక సాకు లేదు.

రస్సెల్ మొదట తెరపై చుక్కలను తోచినట్లు చల్లెను. పీటర్ శాంసన్‌కు ఇది సరిపడలేదు. ఆయన ఖగోళ పట్టికలను చూచి, ఖగోళ మధ్యరేఖకు ఇరువైపుల 22½ డిగ్రీలలోని తారలను వాటి వాటి తావులలో నిలిపెను. కాంతిమంతమైన తారను ఎక్కువ మారులు వెలిగించుటచే ప్రకాశభేదమును గూడ చూపగలిగెను.

నడుమ సూర్యుని, గురుత్వాకర్షణను చేర్చినవాడు డాన్ ఎడ్వర్డ్స్. లెక్కకు కాలము చాలక, నౌకల బొమ్మలను గీయు పద్ధతినే మార్చి వేగము పెంచవలసి వచ్చెను. సెకండుకు ఇంచుమించు లక్ష కూడికలు చేయు యంత్రమునకు సైతము ఇది భారమే! అయినను టార్పెడోల వంతు వచ్చుసరికి కాలము మిగులలేదు. అందుచే అవి సూర్యుని ప్రక్కగా పోవునపుడును వంగక తిన్నగా సాగును. అవి కాంతి బాంబులని ఆటగాండ్రు సమర్థించుకొనిరి. భౌతికశాస్త్ర పరీక్షలో ఈ జవాబునకు మార్కులు రావు. కాంతియు సూర్యుని చెంత కొంచెము వంగునని 1919 నాటి గ్రహణమునందే తేలినది.