పందెమునకు మూడు తీర్పులు

జూదమువలని అనర్థమును మన పూర్వులు ఋగ్వేదకాలమునాడే ఎఱిగియుండిరి. పదవ మండలములోని అక్షసూక్తము పాచికలకు లోబడి ఆలిని, అత్తవారి ఆదరమును పోగొట్టుకొనిన దీనుని పరితాపము. ధర్మరాజు నోడించిన మాయాద్యూతమును, పల్నాటిసీమలో బ్రహ్మనాయునికిని నాగమ్మకును నడుమ జరిగిన కోడిపోరును తెలుగువారు పసితనమునుండియు వినుచున్నారు. అయినను, చెడుగని అందఱు నొప్పుకొనిన దానిని రాజు దండింపవలయునా యను ప్రశ్నకు మాత్రము శాస్త్రకారు లేకకంఠముగా బదులు చెప్పలేదు. మనువు జూదమును బహిరంగచౌర్యముగా నెంచి, జూదరులను పురమునుండి వెడలగొట్టుమనెను. యాజ్ఞవల్క్యు డట్లు గాక, ఆడించెడు సభికుడు నూఱును, అంతకు మించినదియు నగు గెలుపుపై నూటికి 5 వంతునను, తక్కువదానిపై 10 వంతునను గైకొని, రాజభాగమును రాజునకు చెల్లించి, గెలిచినవానికి సొమ్ము ముట్టజెప్పవలెనని విధించెను. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని యేర్పఱచి, ఒక్కచోటనే ఆడించి, వేఱొకచోట నాడినవానికి 12 పణముల దండువు వేసెను. దీనిని జూదమును మెచ్చుకొనుటగా భావింపరాదు. దొంగలును, గూఢముగా బ్రతుకువారును అచ్చటికి చేరుదురు గనుక వారిని కనిపెట్టవచ్చునన్నదే ఆ యిరువురు చెప్పిన హేతువు. నీతి యొక తీర్పు చెప్పగా, దండనీతి మఱియొక తీర్పు చెప్పినది.

ఈ రెంటికి నడుమ మూడవ తీర్పొకటి కలదని ఇంగ్లీషువారి శాసనములు మన దేశమునకు తెలియజేసినవి. ఇంగ్లండులో 1845వ సంవత్సరపు శాసనము వచ్చువఱకును పందెపుసొమ్మునకు దావా చెల్లుచుండెడిది. ఆ శాసనము మన దేశమునకు వర్తింపలేదు. కలకత్తాలో ప్రభుత్వము వేలము వేయు నల్లమందు ఏ ధర పలుకునోయని బొంబాయి వర్తకులు పందెములు కాచిరి. ఆ సొమ్మునకై వేసిన వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలుదాక పోగా, 1848లో ఆ మహాసభ, పందెగాండ్రు వేలపుధరను తారుమారు చేయజూచిన సంగతి తన యెదుట నున్నను, ఇచ్చటి న్యాయము ననుసరించి సొమ్మిప్పింపవలసినదే యని తీర్పు చెప్పినది. ఆ యేటనే ఇచ్చటి ప్రభుత్వము 21వ ఆక్టును చేసి పందెపుటొప్పందములను చెల్లనివిగా ప్రకటించినది. 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టపు 30వ సెక్షను దానినే స్థిరపఱచినది.

ఆ మూడవ తీర్పగు చెల్లకుండుట యనగా నేమి? ఓడినవాడు సొమ్మీయకున్నచో కోర్టు అతనిచే ఇప్పింపదు. ఇచ్చినచో అతడు నేరస్థుడు కాడు. న్యాయస్థానము తలుపు మూసికొనుటయేగాని, బేడీలు పట్టుకొని బయటికి వచ్చుట కాదు. అదే ఆటను సభికుడు లాభాపేక్షతో జూదపుటింట నాడించినను, వీథిలో పక్షులను పోరాడించినను, 1867వ సంవత్సరపు జూదనిషేధశాసనము అమలులోనున్న సీమలలో శిక్ష తప్పదు. కావున పని యొకటియే యైనను, స్థలభేదముచేత ఒకచోట చెల్లనిదై, మఱియొకచోట నేరమగుచున్నది. ఇంకను విశేషమేమనగా, బొంబాయి రాజధానివారు 1865లోనే వేఱొక శాసనము చేసి, పందెమునకు తోడ్పడిన ఒప్పందములను గూడ చెల్లనీయరైరి. అట్టి శాసనము లేని మన మద్రాసు రాజధానిలో, పందెగానికొఱకు చేతిసొమ్ము చెల్లించిన దళారి దానిని తిరిగి రాబట్టుకొన గలిగెడివాడు.

ఈ భేదమును సుప్రీం కోర్టులో 1959లో తేటపఱచినవారు మన రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రధానన్యాయమూర్తిగా నుండి, ఆ పిమ్మట ఢిల్లీకి వెళ్లిన కోకా సుబ్బారావుగారగుట మనకు సంతోషకరము. వారి యెదుటికి వచ్చిన వ్యాజ్యమిది: హాపూరు వర్తకులతో గోధుమలధరపై పందెములు నడుపుటకై ఇరువురు భాగస్వాములైరి. నష్టము రాగా, ఒకడు మొత్తమును హాపూరువారికి చెల్లించి, సగము తనకిమ్మని రెండవవానిపై దావా వేసెను. భాగస్వామ్యమే శాసనవిరుద్ధము, నీతిబాహ్యము, లోకహితమునకు ప్రతికూలము గనుక తానీయనక్కఱలేదని రెండవవాడు వాదించెను. నాకు రోత గొలిపిన దీ వాదమే. లాభము వచ్చియున్నచో ఈతనికి నీతి జ్ఞాపకము వచ్చియుండదు. తోడివాని సొమ్ము అపహరించుటకు ధర్మమును పనిముట్టు చేసికొనుటకంటె పందెమే నయము.

సుబ్బారావుగారు స్మృతికారుల భేదాభిప్రాయములను సైతము పరామర్శించి, చెల్లనిదంతయు శాసననిషిద్ధము కాదనియు, హాపూరువారితోడి పందెములు చెల్లకున్నను భాగస్వాముల నడుమనున్న ఒప్పందము చెల్లుననియు తీర్మానించిరి. న్యాయాధిపతులు లోకహితమను పేర నూతననిషేధములను కల్పించుటకు వెనుదీయవలెనని వారి మతము. కాంట్రాక్టు చట్టములోని 23వ సెక్షనున కనబడు అనీతిని గూడ స్త్రీపురుషసంబంధమైన దురాచారములకే పరిమితము చేసిరి. దీనికి పూర్వదృష్టాంతము 1866నాటిది: వేశ్య తన వృత్తికై వాడుకొనునని యెఱిగియు బండి నిచ్చిన ఇంగ్లండు వ్యాపారికి, ఆ ఒప్పందపు సొమ్ము కోర్టులో దొరకలేదు.

అనీతి నిట్లు పరిమితము చేసిన తుదిమాట నాకు సంపూర్ణముగా రుచింపలేదు. ఇల్లాలి పుస్తె లమ్మించెడు జూదమును అనీతి గాదనుటకు నా మనస్సొప్పదు. ఆ న్యాయమూర్తియు జూదము మంచిదని యెచ్చటను చెప్పలేదు. ఐనను కోర్టున కట్టి హద్దు అవసరమనియే నా నిశ్చయము. ఆ హద్దు లేనినాడు, ఏ న్యాయాధిపతికి ఏది నచ్చకున్న నది అనీతి యగును. అప్పుడు మాట తప్పిన ప్రతివాడును ఒక ధర్మసూత్రమును చేతబట్టుకొని వచ్చును. కాంట్రాక్టు చట్టమే గుఱ్ఱపుపందెమున గెలిచినవాని బహుమానము 500 రూపాయలో, అంతకు మించియో ఉన్నచో, దానికై వేసిన చందాను చెల్లుబాటుగా నంగీకరించుచున్నది. ఆ మినహాయింపునకు నీతిశాస్త్రములో ఆధారము వెదకినను దొరకదు.