వెదురు కోల, కార్బన్ కోల

మన పురాణాల్లో విల్లులకి పేర్లున్నాయి. శివుడిది పినాకం, విష్ణువుది శార్ఙ్గం, అర్జునుడిది గాండీవం. బాణానికి మాత్రం మంత్రం వేస్తేనే పేరు. ఆగ్నేయమనీ, వారుణమనీ. ఆ మంత్రాన్ని మోసుకెళ్ళే పుల్ల గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. కానీ మాటల్లో అది దాగే ఉంది. శరం అంటే రెల్లు కూడా. కుమారస్వామి పుట్టిన శరవణం రెల్లుపొదే. నారాచం అంటే మొత్తం ఇనుముతో చేసిన బాణం. ఇక మన తెలుగులో బాణానికి ఉన్న అచ్చమైన మాట కోల, అంటే ఉత్త కర్ర. బి.ఏ.లో చదువుకున్న తెలుగు ఇన్నేళ్ళకి ఇలా పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు లెండి.

ఈ కోల మీద నాకు ధ్యాస పుట్టింది అరకులో. మావారి ఉద్యోగరీత్యా అక్కడ ఆరేళ్ళున్నాం. మాకు పాలు తెచ్చే ఆవిడ తండ్రి, ఊరంతా తాతా అని పిలిచే ముసలాయన, బాణాలు చేసేవాడు. సన్న వెదురు కోసుకొచ్చి ఆరబెట్టడం, నిప్పుసెగ మీద తిప్పుతూ వంకర తీయడం, కణుపులు చెక్కడం, వెనక పింజకి ఈకలు కట్టడం, ముందు ఇనుప అలుగు దిగ్గొట్టడం. పూర్తయినవి పొయ్యిమీది అటక మీద పెట్టేవాడు, పొగ తగిలేలా. అరకు వానలకీ మంచుకీ వెదురు చెమ్మ పీల్చి మళ్ళీ వంగిపోతుంది మరి. అక్కడి విల్లుకి నారి కూడా వెదురు బద్దే. అంగట్లో కొనాల్సింది అలుగొక్కటే.

ఒకసారి అడిగాను, "తాతా, పది బాణాలు పది రకాలుగా ఉన్నాయేంటి?" అని.

"అన్నీ ఒకేలాగుంటే ఏదెలాగెళ్తాదో నానెలాగ గుర్తెట్టుకోనమ్మా?" అన్నాడు.

నవ్వులాటకి అనలేదు. ఒక కోల కొంచెం ఎడమకి పోతుంది, ఇంకోటి దూరం వెళ్ళేసరికి వాలిపోతుంది. ఆయనకి ఒక్కొక్కదాని బుద్ధీ తెలుసు, దాన్నిబట్టి గురి మార్చుకుంటాడు. బాణం తిన్నగా పోతుందనుకుంటాం గానీ, వదిలిన క్షణంలో అది చేపలా అటూ ఇటూ వంగుతూ విల్లుని దాటుకుని వెళ్తుందట. ఎంత వంగాలో అంతే వంగాలి. మెత్తనైతే ఒక పక్కకి, బిర్రయితే ఇంకో పక్కకి పోతుంది. అంటే గురి సగం చేతిలో, సగం పుల్లలో ఉందన్నమాట.

ఆ కొండల్లో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు! మన వైపు ఇలాంటి సదుపాయం లేకపోయిందే అని నేనూ మా పక్కింటావిడా తెగ బాధపడ్డాం. కానీ 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కావాల్సిందే, కాదనను. అయితే దాంతో బాణానికి ఇంట్లో ఉన్న పని పోయింది. సరిగ్గా అదే 1972లో, 52 ఏళ్ళ తర్వాత, మ్యూనిక్ ఒలింపిక్స్‌లోకి విలువిద్య తిరిగొచ్చింది, ఆడవాళ్ళ పోటీతో సహా. ఒకచోట బతుకుతెరువుగా ఆగిపోయింది, ఇంకోచోట ఆటగా మొదలైంది.

వేట కంటే ముందే వాళ్ళ చేతిలోంచి జారిపోయింది వెదురు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. పోడు మీద ఆంక్షలు, కలప మీద ఆంక్షలు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెనక గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళు నడవడానికి ఉన్న కారణాల్లో ఈ అడవి చట్టాలు ముఖ్యమైనవి. మన బొమ్మల్లో రాజు ఎప్పుడూ విల్లుతోనే ఉంటాడు గానీ, ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. 26 తుపాకులు దొరికాయి. వెదురు కోల ఎంతవరకు పనికొస్తుందో విలుకాళ్ళకంటే ఎవరికి బాగా తెలుసు?

తర్వాత 1927 అటవీ చట్టం వెదురుని చెట్ల లెక్కలో కలిపేసింది. గడ్డిజాతి మొక్కని చెట్టన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే అది అడవిబిడ్డలు సేకరించుకోదగ్గ చిన్న అటవీ ఫలసాయమైంది. అడవి బయటి భూముల్లో వెదురుని చెట్టు కాదనడానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది.

రాజు పోలీసుస్టేషన్ల మీద పడ్డ ఆ 1922లోనే కాలిఫోర్నియాలో డగ్ ఈస్టన్ అనే కుర్రాడు కర్ర విల్లులూ, దేవదారు జాతి కర్రతో బాణాలూ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. మన తాత సుగుణమనుకున్నదే అతనికి తలనొప్పి. ఒక చెట్టు కర్రే అయినా రెండు బాణాలు ఒకేలా రావు. కొనుక్కునేవాడికి ఒక్కో కోల బుద్ధి తెలుసుకునే తీరిక ఉండదు కదా. 1939కి అల్యూమినియం గొట్టాలతో చేశాడు. ఆ సంస్థే 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి సన్నటి అల్యూమినియం గొట్టానికి కార్బన్ పోగు చుట్టిన బాణం తెచ్చింది.

ఈ కార్బన్ పోగు వంశం తవ్వితే మళ్ళీ వెదురే బయటపడింది! 1880లో ఎడిసన్ తన దీపంలో వెలిగే తీగ కోసం దేశదేశాల నారలూ కాల్చి చూసి, చివరికి వెదురు నార దగ్గర ఆగాడు. జపాన్‌లో క్యోటో దగ్గరి యవాటా వెదురు బాగా నప్పింది. గాలి తగలకుండా మాడ్చిన ఆ వెదురు పోగు 1200 గంటలు పైగా వెలిగింది. కార్బన్ పోగుకి అదే ముత్తవ్వ. ఇప్పటి గట్టి రకాన్ని 1958లో అమెరికాలో రోజర్ బేకన్ ప్రయోగశాలలో చూశాడు. 1961లో జపాన్‌లో అకియో షిండో వేరే ముడిసరుకు పట్టుకున్నాడు. అదేమిటో తెలుసా? మనం స్వెట్టర్లు అల్లే ఆక్రిలిక్ ఊలు ఉందే, దాని సొంత చుట్టం. ఆ దారాన్ని లాగిపట్టి ముందు సన్నసెగ మీద వేయించి, తర్వాత గాలి లేకుండా వెయ్యి డిగ్రీల పైన మాడ్చడమే. బొగ్గుబట్టీ పద్ధతే, కాకపోతే మహా శ్రద్ధగా. ఇప్పుడు గాలపు కర్రలు, బ్యాడ్మింటన్ రాకెట్లు, చివరికి పూల్ ఆటలో బంతుల గుంపుని చెదరగొట్టే కర్రలు కూడా ఇదే సరుకు. అక్కడా ఇదే తగువట. మేపుల్ కర్రయితే చేతికి తెలుస్తుందని పాతవాళ్ళు, కార్బనయితే వంగదని కొత్తవాళ్ళు.

మా అమ్మాయి విశాఖలో మూడేళ్ళు విలువిద్య నేర్చుకుంది. పిల్లల రకం కార్బన్ బాణం ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయలు. ఒలింపిక్స్ స్థాయివి డజను నలభై వేల పైమాటే. మావారు ఆ ధర విని, "బంగారం కొనుక్కోకూడదూ?" అన్నారు. పైగా వెదురు విరిగితే కనిపిస్తుంది. కార్బన్ లోపల చిట్లినా పైకి నున్నగానే ఉంటుంది. అలాంటిది వేస్తే విల్లు దగ్గరే ముక్కలై చేతిలో గుచ్చుకోవచ్చు. అందుకే ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి, చిటపట వినిపిస్తుందేమో చూడాలి. పప్పులో రాళ్ళు ఏరినట్టు రోజూ నేనే కూర్చుని విన్నాను.

ఇంతకీ ఏది మేలు? పోటీ దగ్గరికొస్తే నాకు సందేహం లేదు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 15 బాణాలకి 149 పాయింట్లు కొట్టింది. అంటే పద్నాలుగు పదులు, ఒకే ఒక్క తొమ్మిది. 50 మీటర్ల దూరంలో ఆ పది పాయింట్ల వలయం అడ్డం 8 సెంటీమీటర్లే, మన టీ సాసరు కంటే చిన్నది. చేయి ఎంత గొప్పదైనా, పదిహేను కోలలకి పదిహేను బుద్ధులుంటే ఆ లెక్క రాదు. ఆ క్రీడల్లో ఆమెకి మూడు బంగారు పతకాలు.

నా బాధ వేరే. మనదేశంలో వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ పోటీ విడిగా ఉంది, 50, 30 మీటర్ల దూరాలు. పేదపిల్లలు మొదలుపెట్టడానికి చక్కటి తలుపు అది. కానీ తలుపు దగ్గరే నిలబెట్టేసి, ఇది మీ సంప్రదాయం అని చప్పట్లు కొడితే ఎలా? రాజస్థాన్ గిరిజన కుర్రాడు లింబారామ్‌ని 1987లో వెతికి పట్టుకుని, సరైన విల్లు చేతికిచ్చి శిక్షణ ఇస్తే, 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. మూడు ఒలింపిక్స్ ఆడాడు. చేతికి ఏమిచ్చామన్నదే అక్కడ తేడా. కొండవాళ్ళకి వెదురు, పట్నం పిల్లలకి కార్బన్ అని పంచిపెట్టడం నాకు మింగుడుపడదు.

మా అమ్మాయి చదువులో పడి ఆట మానేశాక, మిగిలిన ఆరు బాణాలూ అరకులో తాత ముని మనవడికి పంపాను. వాడు ఆశ్రమ పాఠశాలలో చదువుతూ విల్లు వేస్తాడు. కార్బన్ బాణాన్ని పిల్లల చేయి పొడుగుని బట్టి కోయిస్తారు. మా పిల్లది పొట్టి చేయి, వాడివి బారెడు చేతులు. పూర్తిగా లాగితే బాణం కొస విల్లు దాటి లోపలికొచ్చేస్తోందని, అలా వెయ్యడం ప్రమాదమని, వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. "తాత మళ్ళీ వెదురు కోస్తన్నాడమ్మా, ఈడి చేతికి కొలిసి" అంది. వాడికి సరిపోయే పొడుగు చెప్పమన్నాను. 29 అంగుళాలట. రాసిపెట్టుకున్నాను.