నడకకు పేరు పెట్టింది ఎవరు?

మన చేతి గడియారం మనం నడుస్తున్నామని చెబుతుంది. ఆ సంగతి అది ఎలా నేర్చుకుంది? ఈసారి ఆ చరిత్ర రాస్తున్నాను. కష్టమైన మాటలు తక్కువే వాడతాను, నాకూ అదే సుఖం.

2004లో ఎం.ఐ.టి.లో లింగ్ బావో, స్టీఫెన్ ఇంటిల్ అనే ఇద్దరు 20 మంది ఒంటికి ఐదేసి యాక్సిలరోమీటర్లు కట్టారు. అవి కదలికలో వేగం మారడాన్ని కొలుస్తాయి. నడక, పళ్లు తోముకోవడం, బట్టలు మడతపెట్టడం, ఇలా 20 పనులు. ఏ పని ఎప్పుడు చేశారో ఆ మనుషులే రాసిపెట్టారు. యంత్రం సుమారు 84 శాతం సరిగ్గా చెప్పింది.

తరవాత ఫోన్లు వచ్చాయి. న్యూయార్క్‌లో ఫోర్డమ్ యూనివర్సిటీ వాళ్లు 29 మంది ప్యాంటు జేబుల్లో ఫోన్లు పెట్టించారు. (చీర కట్టుకున్న మామ్మగారి ఫోన్ చేతిసంచిలో ఉంటుంది!) 2013లో ఇటలీ నుంచి వచ్చిన ఒక డేటా చాలామందికి పాఠ్యపుస్తకం లాంటిది అయింది. అందులో 30 మంది, వయసు 19 నుంచి 48. నా వయసువాళ్లు ఒక్కరూ లేరు.

ఎందుకు ఇంత తక్కువ మంది? పేర్లు పెట్టడం కష్టం కాబట్టి. ఫొటో అయితే తరవాత చూసి "ఇది పిల్లి" అనొచ్చు. మూడు వంకర గీతలు చూసి "ఇది మెట్లు ఎక్కడం" అని ఎవరు చెప్పగలరు?

అందుకే పేర్లు లేకుండా నేర్పే పద్ధతి వచ్చింది. 2019లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో సయీద్, ఆయన తోటివారు ఆ గీతలను తిరగేశారు, ముక్కలు చేసి కలిపారు. ఏం మార్చామో చెప్పమని యంత్రాన్ని అడిగారు. 2020లో అట్లాంటాలో, జార్జియా టెక్‌లో, హరేశముద్రం బృందం గీతలో కొంత దాచి, దాచింది ఊహించమంది. మన వాచకాల్లో "ఖాళీలను పూరింపుము" ఉంటుంది కదా, అదే. జవాబు డేటాలోనే ఉంది కాబట్టి మేష్టారు అక్కర్లేదు. మీలో చాలామంది ఇంట్లో తెలుగు విన్నది కూడా ఇలాగే, ఎవరూ వ్యాకరణం చెప్పకుండా.

2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు యూకే బయోబ్యాంక్ డేటాతో ఇదే పని పెద్దగా చేశారు. దాదాపు లక్ష మంది ఒక్కో వారం మణికట్టుకు కట్టుకున్న పరికరాల డేటా అది. మొత్తం 7 లక్షల రోజులు. ఇక్కడ నడివయసువారు, పెద్దవారు ఉన్నారు. కాని ఎక్కువ మంది బ్రిటన్ తెల్లవారే.

నాకు ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. గుడిలో ప్రదక్షిణ చేసే పెద్దలు చేతులు జోడించి నడుస్తారు. మణికట్టు ఊగదు. సాష్టాంగ నమస్కారం చేస్తే గడియారానికి పడిపోయినట్టు అనిపించవచ్చు. ఒంటరిగా ఉండే అమ్మ కోసం, వేరే రాష్ట్రంలో ఉన్న కొడుకు ఆ గడియారాన్నే నమ్ముకుంటాడు.

ఈ పద్ధతిలో కూడా చివర్లో కొన్ని పేర్లు మనిషే పెట్టాలి. కాని మునుపటి అంత అక్కర్లేదు. కొందరు పెద్దలు కొన్ని గంటలు గడియారం కట్టుకుని, "ఇప్పుడు ప్రదక్షిణ, ఇప్పుడు నమస్కారం" అని రాసి ఇస్తే ఆ పని మొదలవుతుంది.